నాలుగు చేతుల మడత

పోయిన వారం వరహాలక్ష్మిని మంచి ఇరకాటంలో వదిలేసి వచ్చాం. తోలుకి బంక రాసేసింది. ఎదుటి పీట ఖాళీగా ఉంది. బంక ఆరేలోగా మడత పడకపోతే ఆ తోలు చెప్పులు కుట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు చప్పుడైంది. వచ్చిందెవరో చెప్పకుండా ఆపేశానని మీలో కొందరు నన్ను తిట్టుకున్నారని తెలుసు. తిట్టుకోండి, తప్పులేదు. వారం పాటు నన్ను గుర్తుపెట్టుకున్నారంటే నాకదే చాలు.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళతాను. చోడవరంలో మెయిన్ రోడ్డు దిగి రెండు సందులు తిరిగితే మూర్తి కెమెరా వర్క్స్ అని ఒక పాత షెడ్డుంది. వేంకటరమణమూర్తి గారు పెట్టింది. టేకు పెట్టె, ముందు లెన్సు, వెనక తల దూర్చడానికి నల్లగుడ్డ, మధ్యలో సాగుతూ ముడుచుకుంటూ ఉండే తోలు తిత్తి. అలాంటి కెమెరాలు చేసేవారు అక్కడ. ఒకప్పుడు ఊరూరా స్టూడియోల్లో మూడు కాళ్ళ మీద నిలబడి, మన తాతల్నీ బామ్మల్నీ కదలనివ్వకుండా నిలబెట్టినవి ఆ పెట్టెలే.

మూర్తిగారు పోయారు. స్టూడియోలూ పోయాయి. జేబులో ఫోను పెట్టుకున్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరే అయిపోయాక, మూడు కాళ్ళ పెట్టె ఎవడికి కావాలి? అయినా కూతురు వరహాలక్ష్మి షెడ్డు వదల్లేదు. ఆమెకి యాభై దాటాయి. పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కెమెరా సగంలో ఉండేది, అది పూర్తయ్యేసరికి ఆ సంబంధం దాటిపోయేది. షెడ్డు మీది గదిలోనే ఆమె కాపురం. అన్న ఉదయభాస్కర్ సామాను తేవడం, బేరాలు చూడడం చేస్తాడు. కంపెనీ పేరు ఆయన మీదే ఉంది.

ఇక గొడవ. విశాఖపట్నంలో పెళ్ళికి ముందు జంటలకి ఫొటోలు తీయడం కోసం సెట్లు వేసే దిలీప్ అనే ఆయన, మూర్తి కెమెరా పేరు కొంటానని వచ్చాడు. ఆయనకి కెమెరాలు అక్కర్లేదు, కెమెరాల్లాంటి పెట్టెలు కావాలి. లోపల ఏమీ ఉండదు. పైన మాత్రం మూర్తిగారి ఇత్తడి పేరుబిళ్ళ ఉండాలి. పేరు ఆయనకి వెళ్ళిపోతే ఇక ఈ షెడ్డులోంచి వచ్చే ఏ కెమెరా మీదా ఆ బిళ్ళ ఉండకూడదు. కిందటి వానాకాలం, ఉదయభాస్కర్ ఊగిసలాడుతున్న రోజుల్లోనే, అమ్మిన కెమెరాలు కొన్ని తిరిగొచ్చాయి. తిత్తిలో వెలుతురు కారి ఫొటోల మీద తెల్ల చారలు పడుతున్నాయని. ఎందుకని చెల్లెలు అడిగితే, "తోలు బాగోలేదు" అన్నాడు ఆయన. తోలు తెచ్చేది ఆయనే. వరహాలక్ష్మికి అర్థమైపోయింది, లేదా అర్థమైపోయింది అనుకుంది. నెలలపాటు మనసులో పెట్టుకుని, మొన్న దిలీప్ ముందే, దారినపోయేవాళ్ళు ఆగి వినేలా అన్నని నిలబెట్టి కడిగేసింది. "మంచి తోలు మానేసి చవక తోలు తెచ్చేవు. నాన్న పేరుకి కన్నాలు పెట్టేవు. నువ్వు దొంగవి" అంది. ఉదయభాస్కర్ ఒక్క మాట తిరిగి అనలేదు. దిలీప్ వైపు తిరిగి "మీరన్నట్టే కానీండి" అన్నాడంతే.

ఇదీ సంగతి. ఇప్పుడు వరహాలక్ష్మి ముందున్న తిత్తి పుదుచ్చేరిలో ఫొటోలు నేర్పే ఒక టీచరమ్మ అడిగిన కెమెరాకి. చాలాకాలం తర్వాత వచ్చిన నిజమైన బేరం. పేరు చేతులు మారేలోగా ఇది పూర్తి చేసి, బిళ్ళ బిగించి పంపేస్తే, నాన్నగారి పేరుతో ఒక్క కెమెరా అయినా మంచిది బయటికి వెళుతుంది. ఆమె పంతమంతా అదే. మంచి మేకతోలు కూడా ఆ ఒక్కటే మిగిలింది.

రండి, తలుపు దగ్గరికి వెళదాం.

నిలబడ్డది రాజ్యం. ఉదయభాస్కర్ భార్య, వరహాలక్ష్మికి వదిన.

రాజ్యానిది రావికమతం దగ్గర చెరకు పండించే ఇల్లు. కోడలిగా వచ్చిన ఏడాదే మావగారు పిలిచి ఎదుటి పీట మీద కూర్చోబెట్టారు. కెమెరా తిత్తి ఒక్కరు మడిచేది కాదు. తోలుకీ లోపలి నల్లగుడ్డకీ మధ్య అట్టముక్కలు పేర్చి, వడ్రంగులు వాడే వేడి బంక పూసి, గొట్టంలా చుట్టి, బంక పచ్చిగా ఉండగానే మడత మీద మడత నొక్కుకుంటూ పోవాలి. ఇటు రెండు మూలలు, అటు రెండు మూలలు. నాలుగూ ఒక్కసారే పడాలి. నాలుగు చేతులూ ఒక్క మనిషివైనట్టు కదలాలి. మొదలుపెట్టాక చివరిదాకా ఎవరూ చెయ్యి తీయకూడదు. అలా ఆ ఇంట్లో పుట్టిన తిత్తులన్నీ ఇన్నేళ్ళుగా ఈ వదినా ఆడపడుచుల చేతుల్లోనే పుట్టాయి.

కిందటి వానాకాలం నుంచి రాజ్యం రావడం మానేసింది. ఇల్లు పెద్ద దూరం కాదు, పక్క వీధి. అడిగితే ఓసారి మోకాళ్ళంది, ఓసారి చుట్టాలంది. తర్వాత వరహాలక్ష్మి అడగడం మానేసింది. అన్నగారి పక్షం చేరిపోయిందిలే అనుకుంది.

అనుకుంది సరే, అప్పట్నుంచీ ఆ షెడ్డులో ఆమె బతికిన బతుకు ఉందే, అది చెప్పాలంటే నాకు ఇష్టం ఉండదు. పాలిష్ పట్టే పరదేశి అనే ఆయన చనిపోయాడు. లెన్సులు బిగించే ముసలాయన కె.కోటపాడులో కూతురింట్లో మంచాన పడ్డాడు. రంపం చప్పుడు లేదు, మనిషి దగ్గు లేదు. చలికాలంలో కూడా ఫ్యాను వేసుకునేది, ఏదో ఒకటి తిరుగుతూ ఉంటుందని. టీ మాత్రం ఇద్దరికి పెట్టేది. రెండు గ్లాసులూ తనే తాగేది. ఒక్కరికి సరిపడా టీ పెట్టడం ఆమెకి ఈనాటికీ చేతకాలేదు.

"ఏటి వదినా, దారి తప్పేవా?" అంది వరహాలక్ష్మి. మాట పుల్లవిరుపుగానే అంది. అంటూనే కాలితో ఎదుటి పీటని ముందుకి జరిపింది.

"నీకో మాట సెప్పిపోదామని వచ్చేనే వరాలూ."

"మాటలు తర్వాత. బంక రాసేసేను. కూర్చో."

"నాను కూకోను. ముందు నా మాట ఇను."

"ఆరిపోతంది వదినా. మడత అయ్యాక నన్ను తిట్టు, అన్నయ్య తరఫున రెండు తగిలించు, పడతాను. ఇప్పుడు మాత్రం కూర్చో."

రాజ్యం గుమ్మంలోనే నిలబడి చేతులు కొంగులో చుట్టుకుంది. "ఒద్దే. నావల్ల కాదు."

"మోకాళ్ళా? పీట ఎత్తుగా పెడతాను. ఇంకో తోలు లేదు వదినా. ఇది పోతే నా దగ్గర ఇంకేటీ లేదు."

ఆ చివరి మాట విన్నాక రాజ్యం వచ్చి ఎదుటి పీట మీద కూర్చుంది. కొంగులోంచి చేతులు తీసి, కాసేపు వాటివంక చూసుకుని, తోలు మీద పెట్టింది.

వరహాలక్ష్మికి గుండె నిండిపోయింది. దాచడమెందుకు, ఆ క్షణంలో ఆమెకి కెమెరా కూడా గుర్తులేదు. ఎదురుగా మనిషి కూర్చుంది. పౌడరు వాసన, తమలపాకు వాసన, ఎప్పటి రాజ్యమే. అంతే చాలనిపించింది. కానీ చేతులు వాటి పని అవి మొదలుపెట్టేశాయి. మొదటి మడత పడింది. రెండోది పడింది.

ఎప్పుడూ అయితే ఈపాటికి రాజ్యం నోరు విప్పేది. చేతుల వంక చూసేదే కాదు. రోలుగుంట సంతలో ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదో, ఎవరింటి పెళ్ళీడు గుంట ఎవర్ని చేసుకుంటానంటోందో, తిత్తి సగం అయ్యేసరికి మండలం కబుర్లన్నీ పూర్తయ్యేవి. ఇవాళ తల ఎత్తలేదు. కళ్ళు తన వేళ్ళ మీదే. సూదిలో దారం ఎక్కించేవాళ్ళు చూసినట్టు చూస్తోంది.

"మాటాడవేటి?" అంది వరహాలక్ష్మి.

"మాటాడితే సెదిరిపోద్ది."

"ఎప్పుడూ చెదరలేదే."

బయట చెరకు ట్రాక్టరు ఒకటి గోడలు అదురుతూ పోయింది. ఫ్యాను తిరుగుతోంది. మడతలు సగానికి వచ్చాయి.

"వదినా, ఆ కుడి మూల నొక్కు."

"నొక్కేను."

"నొక్కలేదు, విచ్చుకునుంది. ఇంకాస్త గట్టిగా."

"గట్టిగానే నొక్కేనే."

వరహాలక్ష్మి విసుక్కుంటూ మెడ సాచి చూసింది. రాజ్యం బొటనవేలూ చూపుడువేలూ గోళ్ళు తెల్లబడేలా నొక్కుకునే ఉన్నాయి. అయితే ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. మధ్యలో ఉండాల్సిన తోలు లేదు. మడత ఆ వేళ్ళకి పక్కనే, నోరు తెరుచుకుని ఉంది.

వరహాలక్ష్మి ఆ వేళ్ళ వంకా వదిన ముఖం వంకా మార్చి మార్చి చూసింది. రాజ్యం ముఖంలో అనుమానమే లేదు. తోలు పట్టుకున్నాననే అనుకుంటోంది.

"వదినా," అంది మెల్లగా, "నీ వేళ్ళకి తోలు తెలుస్తోందా?"

రాజ్యం పెదాలు బిగించింది. కిందికి చూసి, కళ్ళతో చూసి, మడతని వెతుక్కుని వేళ్ళు సరిచేసుకుంది. ఈసారి మూల పడింది.

"అదే సెప్దామనొచ్చేను," అంది. "తెల్దే. ఏటీ తెల్దు. సుగరొచ్చిందని సెప్పేను కదా నీకు. ముందు కాళ్ళు తిమ్మిరెక్కేవి, తరవాత వేళ్ళు. అట్ల పెనం మీద సెయ్యెట్టినా కాలిన వాసనొస్తే గాని తెలవట్లేదు. డాట్రు మందులిచ్చేడు. పోయిన స్పర్స అంత తొందరగా రాదన్నాడు."

వరహాలక్ష్మి చేతులు ఆగలేదు. ఆగకూడదు. కానీ బుర్రలో ఏదో గిర్రున తిరిగింది.

ఇక్కడ మీకు ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. తిత్తి ఆరాక దాన్ని మిట్టమధ్యాహ్నం పెరట్లోకి తీసుకెళ్ళి, పెద్ద మూతిలో తల పెట్టి, మెడ చుట్టూ నల్లగుడ్డ కప్పుకుని, సూర్యుడికి ఎదురుగా నిలబడి లోపల చూస్తారు. ఎక్కడైనా సూదిమొనంత వెలుగు కనబడితే అక్కడ కన్నం ఉన్నట్టు. దాన్ని వాళ్ళు ఎండ చూడ్డం అంటారు. మడిచినవాళ్ళు ఎండ చూడకూడదు. తమ చేతిపనిని తమ కళ్ళు వెనకేసుకొస్తాయని మూర్తిగారి నమ్మకం. కాబట్టి ఎండ చూడ్డం ఎప్పుడూ ఉదయభాస్కర్ పనే. కెమెరాలు తిరిగొచ్చినప్పుడు కూడా వరహాలక్ష్మి వాటిలో తల పెట్టలేదు. పద్ధతి కదా. అన్న చూసి "తోలు బాగోలేదు" అంటే, వెలుగు ఎక్కడినుంచి కారుతోందని అడగాలని కూడా ఆమెకి తోచలేదు. ఇంకెవరైనా అయితే ముందు ఆ పనే చేసుండేవారు. ఈ ఇంట్లో మాత్రం అది ఎవరికీ తోచని పని.

"తిరిగొచ్చిన కెమెరాలు," అంది వరహాలక్ష్మి.

"నావేనే. అన్నీ నా వైపు మూలలే. కొత్తలో బంక పట్టుకునుంటాది. నాల్గు సార్లు సాగదీసి మూసేక ఇచ్చుకుంతాది. మీ అన్నయ్య ఎండ సూసేడు. తల బయటికి తీసి నా వంక సూసేడు. నీ ముందు ఏటీ అన్లేదు. ఇంటికెల్లేక నా సెయ్యి ఒళ్ళో ఎట్టుకుని గుండుసూదితో గుచ్చేడు. నాను టీవీ సూస్తన్నాను. గుచ్చుతన్నాడని నాకు తెల్దు. ఆయన ఏడస్తంటే అప్పుడు సూసుకున్నాను, రకతం."

మడత పడింది. ఇంకోటి పడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నానే ఒద్దన్నాను. నా మీద ఒట్టేయించుకున్నాను. నీకు తెలిస్తే ఈ పీట మీద ఇంకోలని కూకోబెడతావు. కూకోబెట్టాలి, అది నాయమే. నానే సూళ్ళేను. ఆ ఇంట్లో మీ అన్నయ్య మాటాడడు, టీవీ మాటాడతాది. నాకు మాటలున్నది ఈ పీట మీదే కదే."

"అయితే రావడమెందుకు మానేసేవు?"

"ఇంకో కెమెరా పాడవకూడదని. నాను రాకపోతే నువ్వు అలుగుతావు గాని, ఇంకోలని తేవని నాకు తెలుసు. నా కోసం సూస్తావనుకున్నాను." రాజ్యం ముక్కు ఎగబీల్చింది. "సూసేవు కూడాను."

ఇప్పుడు వరహాలక్ష్మికి జాలి వచ్చుంటుందని మీరనుకుంటారు. నన్నడిగితే అలా అనుకునేవాళ్ళు ఎవర్నీ నిజంగా ప్రేమించి ఎరగరు. ఆమెకి వచ్చింది కోపం. ఇన్నాళ్ళూ ఈ ఫ్యానుతో కాపురం చేయించింది తనని. పక్క వీధిలో ఇల్లు పెట్టుకుని, పండక్కి కూడా గుమ్మంలో నిలబడి ప్రసాదం ఇచ్చి పోయింది. వేళ్ళు పోతే పోయాయి, నోరు పోలేదు కదా. పీట మీద ఊరికే కూర్చుని కబుర్లు చెబితే ఎవరు కాదన్నారు?

"వేళ్ళు లేకపోతే రాకూడదా నువ్వు?" అంది. "పని చేస్తేనే నిన్ను రానిస్తాననుకున్నావా? నేను అంత దాన్నా వదినా?"

రాజ్యం తల ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. ఈ మాట ఆమె ఎన్నడూ ఊహించలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఇద్దరి చేతులూ తోలు మీద ఉన్నాయి. ఒకరి కళ్ళు ఒకరు తుడవడానికి కూడా లేదు.

తర్వాత, ఆ కోపం వెనకే, రెండోది వచ్చి తగిలింది వరహాలక్ష్మికి. అన్నయ్య. వీధిలో నిలబెట్టి దొంగ అంది. తోలు మంచిదే. ఆయన తెచ్చిన ప్రతి తోలూ మంచిదే. ఆ మాట ఒక్కటి చెబితే భార్య వేళ్ళు బయటపడతాయని, నోరు మూసుకుని దొంగతనం నెత్తిన వేసుకున్నాడు.

"అన్నయ్యెక్కడ?"

"అందుకే పరుగెత్తుకొచ్చేను. దిలీప్ కారొచ్చింది. ఇశాపట్నం తీసుకెల్తన్నాడు మీ అన్నయ్యని. నీకు సెప్పొద్దన్నాడు మీ అన్నయ్య. నువ్వన్న మాటకి ఆ మనిషి అన్నం తింటం మానేసేడే వరాలూ."

వరహాలక్ష్మి లేవబోయింది. మడత విచ్చుకోబోయింది. మళ్ళీ కూర్చుంది.

బయట కారు హారను మోగింది. ముందు తలుపులోంచి దిలీప్ లోపలికి వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, ఆ మాట పోయిన వారాల్లోనే చెప్పాను. చెప్పులు గుమ్మంలో విప్పి మరీ వచ్చాడు.

"నమస్తే మేడమ్. పేరుబిళ్ళల అచ్చు తీసుకురమ్మన్నారు సార్. ఆ పైన షెల్ఫులో ఉంటుందన్నారు."

ఇత్తడి మీద మూర్తిగారి పేరు గుద్దే ఇనుప అచ్చు అది. దిలీప్ దాన్ని తీసి, జేబురుమాల్లో జాగ్రత్తగా చుట్టుకున్నాడు. చుట్టుకుని వెళ్ళిపోకుండా, ఇద్దరాడవాళ్ళ మధ్యనున్న తిత్తిని చూసి ఆగిపోయాడు.

"ఎంత బాగుందండీ. ఇది చిన్న రీల్ తీసుకోవచ్చా? ఎవరూ చూసుండరు ఇలాంటిది."

"ఒద్దు బాబూ," అంది వరహాలక్ష్మి. "అన్నయ్య లోపలికి రాడా?"

"బండిలో ఉన్నారండి. రమ్మన్నాను, రానన్నారు."

దిలీప్ వెళ్ళిపోయాడు. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. ఎదురుగా చెరకు ట్రాక్టరు ఇరుక్కున్నట్టుంది, హారన్లు మోగుతున్నాయి కానీ బండి కదల్లేదు.

"ఎల్లు," అంది రాజ్యం.

"తోలు?"

"నీ మూలలు ఇలగియ్యి. మోసేతుల కింద అదిమి పట్టుకుంతాను. నా వైపు సేతుల్తో పట్టుకుంతాను. బంక బిగిసేదాకే కదా."

"పట్టుకున్నావో లేదో నీకే తెలీదు వదినా."

"కళ్ళున్నాయి కదే. సూసుకుంతాను. ఎల్లు, ఆ మనిషి ఎల్లిపోతాడు."

వరహాలక్ష్మి ఆ ఇంటి పద్ధతి తప్పింది. మడత మధ్యలో చెయ్యి తీసింది. తన మూలలు వదిన మోచేతుల కిందికి నెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

కారు అద్దాలు మూసున్నాయి. చేతులకి బంక, అందుకని మోచేత్తో కొట్టింది. అద్దం దిగింది. లోపల కూర్చున్న మనిషిని చూసి వరహాలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది.

తండ్రి కూర్చునున్నాడు. నల్ల పొడవు కోటు, గుండ్రటి టోపీ, జేబులోంచి గొలుసు. షెడ్డులో గోడకున్న మూర్తిగారి ఫొటోలో ఉన్నట్టే. ఆ టోపీ కింద ఉన్నది ఉదయభాస్కర్ ముఖమని గుర్తుపట్టడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"ఏటిది అన్నయ్యా?"

"ఉద్యోగం," అన్నాడు ఉదయభాస్కర్, రోడ్డు వంక చూస్తూ. "నాన్న ఫొటో చూసి కుట్టించేరు. జంటలొస్తారు. నేను పెట్టె వెనకాల గుడ్డ కప్పుకుని నిలబడాలి. ఇటు చూడండి, నవ్వండి అనాలి. ఫొటోలు వేరే కుర్రాళ్ళు తీసుకుంటారు."

"పెట్టెలో?"

"పెట్టెలో ఏటుంటాది. ఖాళీయే."

"దిగు అన్నయ్యా. వదిన అంతా చెప్పేసింది."

ఆయన రెప్ప వేయలేదు. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు, అంతే.

వరహాలక్ష్మి వీధి వైపు తిరిగింది. మొన్న తను అరిచినప్పుడు గుమ్మాల్లోకి వచ్చి విన్నవాళ్ళలో ఎదురింటి అప్పలనరసమ్మ ఒకర్తి. ఇప్పుడూ గుమ్మంలోనే ఉంది, చేటలో మినుములు బాగుచేసుకుంటూ.

"అప్పలనరసమ్మా, మొన్న నేనన్న మాట తప్పు. మా అన్నయ్య తోలు మార్చలేదు. మంచి తోలే తెచ్చేడు. దొంగతనం ఏటీ లేదు. తప్పు నాది."

అప్పలనరసమ్మ చేట ఆపింది. "ఏ తోలమ్మా?" అంది.

ఏ మాటకి ఒక మనిషి అన్నం మానేసి, తండ్రి పేరు రాసిచ్చి, తండ్రి వేషం వేసుకుని కూర్చున్నాడో, ఆ మాట వీధిలో ఎవరికీ గుర్తు కూడా లేదు. ఆ మాట అన్న తనకీ, పడ్డ అన్నయ్యకీ తప్ప.

"సంతకం పెట్టకు," అంది అన్న వైపు వంగి. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క మనిషినీ ఉండలేకపోతన్నాను ఆ షెడ్డులో. నువ్వొచ్చి ఎండ చూస్తావు, వదిన కబుర్లు చెప్తాది, నేను ఎవరో ఒకల్ని పెట్టుకుని మడుస్తాను. మనకి చాలు. పెట్టకు."

"నిన్నే పెట్టేసేను వరాలూ," అన్నాడు ఉదయభాస్కర్.

ముందు సీట్లో దిలీప్ ఇబ్బందిగా కదిలాడు. "ఇవాళ సంతకానికి కాదండీ మేడమ్. ఇవాళ మొదటి షూట్."

ఉదయభాస్కర్ అప్పుడు చూశాడు చెల్లెలి ముఖం వంక. చూసి, "ఈసారి ఎండ నువ్వే చూసుకో. నేనుండను" అన్నాడు. అంటూనే ఆయన చూపు కిందికి జారి, ఆమె వేళ్ళ మీద ఆగింది. బంక అప్పుడే పొర కడుతోంది.

"మడత మధ్యలో లేచొచ్చేవా?"

ఆమె తలూపింది.

"లోపల ఎవరు పట్టుకునున్నారు?"

"వదిన."

"ఆవిడ ఒక్కర్తేనా?"

ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. వరహాలక్ష్మి చూసింది. కచ్చితంగా చూసింది, పిడి మీద నాలుగు వేళ్ళూ బిగిశాయి. అంతలో ముందున్న ట్రాక్టరు కదిలింది. వెనకనున్న ఆటో, దాని వెనకనున్న లారీ ఒక్కసారి హారను కొట్టాయి. కారు ముందుకి వెళ్ళక తప్పలేదు. ఆ తలుపు తెరుచుకునేదో, ఆ వేళ్ళు మళ్ళీ వదులయ్యేవో ఆమె చూడలేకపోయింది. సందు మలుపులో టోపీ ఒకటే కనబడి, అదీ పోయింది.

వరహాలక్ష్మి నడిరోడ్డు మీద కాసేపు అలాగే నిలబడింది. ఎవరో పక్కకి తప్పుకోమన్నారు. తప్పుకుంది. పేరు పోయింది, అచ్చు పోయింది, అన్నయ్య పోయాడు. లోపలున్న ఆ తోలు తిత్తి ఇక ఏ పేరూ లేని కెమెరాకి తిత్తి. అయినా కాళ్ళు షెడ్డు వైపే నడిచాయి. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు మరి.

రాజ్యం పీట మీద వంగిపోయి కూర్చునుంది. మోచేతులు తోలు మీద, వేళ్ళు తోలు మీద, గడ్డం దాదాపు మోకాళ్ళకి ఆనుతోంది. కదిలితే జారిపోతుందేమోనని ఊపిరి కూడా కొంచెం కొంచెంగా తీసుకుంటోంది. బుగ్గల మీంచి నీళ్ళు కారి గడ్డం దగ్గర వేలాడుతున్నాయి. తుడుచుకోవడానికి ఆమెకి చెయ్యి ఖాళీ లేదు.

"ఎల్లిపోయేడా?" అంది తల ఎత్తకుండా.

"వెళ్ళిపోయేడు."

రాజ్యం ఏడవలేదు. అప్పటికే ఏడ్చేసి ఉంది. తన చేతులున్న వైపే రెప్పలు కొట్టుకుంటూ చూసింది.

"వరాలూ, కళ్ళు మసకేసేయే. ఇందాకట్నుంచీ నాకేటీ కనబళ్ళేదు," అంది. "ఓసారి సూసి సెప్పవే. నాను పట్టుకునే ఉన్నానా?"